యానాంలో ఒక పగలు

చుట్టపుచూపుగా పోయి ఒక ఊరిని చూచి వచ్చుట మనకు క్రొత్త కాదు. పెండ్లికో, తీర్థమునకో పోయినప్పుడు మిగిలిన పూటను ఊరు చూచుటకు వినియోగింతుము. గుడికి పోయి దండము పెట్టుకొని, అంగడివీధిలో రెండు వస్తువులు కొని, తిరుగు బస్సు నెక్కి, ఆ ఊరు చూచితిమని చెప్పుకొందుము. ఆ మాట అబద్ధము కాదు. పూర్తిగా నిజమును కాదు. పాత ఊరు కంటికి కనబడుట వేఱు, మనసునకు తెలియుట వేఱు. ఒక్క పగటిలో తెలియవలసినంత తెలియవలెనన్నచో ఇంటి దగ్గఱనే కొంత తెలిసికొని పోవలెను. ఆ కొంతను చెప్పుటకే ఈ ప్రయత్నము.

మేము ఎన్నుకొన్న ఊరు యానాం. అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములవారికి ఇది ఏటి అవతలి ఊరు. కాకినాడకు పోవు బస్సు కిటికీనుండి ఎన్నిసార్లో చూచినదే. పన్నుల తేడాచేత కొన్ని సరుకులు అచ్చట చౌక యను మాటయు అందఱు ఎఱిగినదే. కాని 1954వ సంవత్సరము వరకు ఫ్రెంచి జెండా ఎగిరిన తెలుగు ఊరు ఇది యొక్కటే యనియు, ఈ చిన్న ఊరి కథ ఒకవైపు హిందూమహాసముద్రములోని ద్వీపములతోను, మఱియొకవైపు వియత్నాముతోను ముడిపడి యున్నదనియు బస్సు కిటికీ చెప్పదు. అందుచేత ఒకనాడు దిగి చూతము.

వారధి మీద

అమలాపురమున ఉదయమే బయలుదేరిన ముమ్మిడివరము, మురమళ్ల మీదుగా ఎదుర్లంక చేరుదుము. అచ్చటనుండి గౌతమి మీది వారధి మనలను యానాం ఒడ్డున దించును. అమలాపురము నుండి పార్లమెంటుకు ఎన్నికై, లోక్‌సభాపతిగా నుండి, 2002 మార్చి 3వ తేదీన హెలికాప్టరు ప్రమాదమున మరణించిన జి.ఎం.సి. బాలయోగి పేరు ఈ వారధికి పెట్టిరి. వారధి లేని రోజులలో ఎదుర్లంక రేవున పంటు కొఱకు కాచుకొని యుండవలసి వచ్చెడిది. గాలి ఎదురైనను, ఏఱు పోటెత్తినను ఆ కాపు పూటల కొలది సాగెడిది. ఆ కాలమున ఏఱు దాటుట యనగా ఒక దేశమునుండి మఱియొక దేశమునకు పోవుట యని నేటి పిల్లలకు చెప్పిన నవ్వుదురు. అది మాత్రము నిజము.

వీలైనవారు ఎదుర్లంకవైపునే దిగి వారధి మీద నడచి రావలెనని మా సలహా. సగము దారిలో నిలిచి క్రిందికి చూచిన ఈ ఊరు ఇచ్చటనే యేల పుట్టినదో పుస్తకము లేకయే తెలియును. ధవళేశ్వరము దిగువను గోదావరి గౌతమి, వసిష్ఠ యను రెండు పాయలుగా చీలును. ఆ రెంటి నడుమ నున్నదే మన కోనసీమ. తూర్పుపాయయైన గౌతమి సముద్రమును చేరబోవుచు యానాం దగ్గఱ మఱియొక చిన్న పాయను విడుచును. అది కోరంగి ఏఱు. సప్తగోదావరులలో ఆత్రేయ యని పెద్దలు చెప్పునది ఇదియే. ఎగువనుండి వచ్చు నాటుపడవలకును, సముద్రమునుండి వచ్చు ఓడలకును కలియుటకు ఇంతకంటె అనువైన చోటు ఈ తీరమున వేఱొకటి అరుదు. రెండు నీళ్లు కలియు చోట బేరము పుట్టును. బేరము పుట్టిన చోట ఊరు పుట్టును.

బట్ట కొఱకు వచ్చినవారు

ఫ్రెంచివారు యానాంలో కాలుపెట్టినది 1723లో. అప్పటి కది చిన్న వర్తకస్థానము మాత్రమే. లాభము కనబడకపోవుటచే 1727లో విడిచిపోయిరి. 1731లో మరల వచ్చి స్థిరపడిరి. వారిని రప్పించినది బంగారము కాదు, సుగంధద్రవ్యములు కావు. గోదావరి డెల్టా సాలెవారు నేసిన నూలుబట్ట. దాని కొఱకు వచ్చినవారు ఫ్రెంచివారు మాత్రమే కారు. ఇంజరములోను, నరసాపురము దగ్గఱి మాధవాయపాలెములోను ఇంగ్లీషువారు, పాలకొల్లులోను, కాకినాడలోని జగన్నాథపురమునను డచ్చివారు గిడ్డంగులు పెట్టిరి. మాధవాయపాలెము పేరు ఇంగ్లీషు వర్తకుల నోట మారి ఒక రకపు తెల్లబట్టకే పేరైనది. ఇంజరము యానాంకు కూతవేటు దూరమే. ఒకే నేతగాని మగ్గము ముందు రెండు రాజ్యముల దుబాసీలు నిలిచి బయానా ఇచ్చుటకు పోటీపడిన కాల మది.

బేరములో మొదలైన పోటీ యుద్ధములోనికి దిగెను. బుస్సీ దొర ఉత్తర సర్కారులను ఏలిన రోజులలో 1757లో ఇంజరము ఫ్రెంచివారి వశమయ్యెను. మఱుసటి సంవత్సరము డిసెంబరులో పిఠాపురమునకు సమీపమున చందుర్తి దగ్గఱ జరిగిన యుద్ధమున ఇంగ్లీషువారు గెలిచి, సర్కారులలో ఫ్రెంచివారి ఆధిపత్యమును తుదముట్టించిరి. అటుపిమ్మట యానాం చేతులు మారిన తీరు చూచిన బంతియాట జ్ఞప్తికి వచ్చును. ఐరోపాలో యుద్ధము మొదలైనప్పుడెల్ల ఇంగ్లీషువారు దీనిని పట్టుకొనిరి. సంధి కుదిరినప్పుడెల్ల తిరిగి ఇచ్చిరి. 1793లో పట్టుకొన్నదానిని తుదకు 1817లో అప్పగించిరి.

అప్పగింతకు ఆధారమైన 1814 నాటి పారిస్ సంధిలో ఒక షరతు కలదు. భారతదేశములోని తమ స్థావరములలో ఫ్రెంచివారు కోటలు కట్టరాదు. శాంతిభద్రతలకు చాలినంతకు మించి సైన్యము నుంచరాదు. చారిత్రక పట్టణ మనగానే కోటగోడను వెదకుట మన అలవాటు. యానాంలో ఆ గోడ లేదు. లేకపోవుట కూడ చరిత్రయే యని ఆ షరతు తెలిసినవానికే తోచును.

చర్చి, గుడి

ఊరిలో ప్రవేశించిన పిమ్మట ఎండ ముదరకముందే సెయింట్ ఆన్స్ కాథలిక్ చర్చిని చూడవలెను. ఫ్రెంచి మతబోధకులు కట్టించిన ఈ ఆలయము 1846 నాటిది. ఐరోపా పద్ధతి నిర్మాణము. లోపల నిశ్శబ్దముగా కొంతసేపు కూర్చుండిన, పరదేశమునుండి వచ్చి ఈ ఉప్పుగాలిలో, ఈ జ్వరములలో బ్రతుకు వెళ్లబుచ్చిన మనుష్యులు ఏ ఓదార్పు కొఱకు ఇంత శ్రమపడిరో కొంత ఊహకు అందును. ప్రార్థన జరుగు వేళ అయినచో బయటనే నిలువవలెను. చూడవచ్చినవాని ఉత్సాహము కొలువవచ్చినవాని భక్తికి అడ్డు రాకూడదు.

అచ్చటనుండి వేంకటేశ్వరస్వామి ఆలయమునకు పోవచ్చును. స్వామికి మీసములుండుటచే ఊరివారు మీసాల వెంకన్న యని ప్రేమతో పిలుచుకొందురు. దొరల ఏలుబడి ఎన్ని మార్లు మారినను ఈ స్వామి కల్యాణములు జరుగుచునే యుండెను. ఫ్రెంచి యానాం అనగా ఫ్రెంచివారు నిండిన ఊరని తలచుట పొరపాటు. దొరలు పిడికెడు మంది, ఊరంతయు తెలుగువారే. కనకాలపేట, మెట్టకూరు, ఫరంపేట, కురసంపేట, అడవిపొలము – ఈ పేర్లు చాలును సాక్ష్యము. మొత్తము విస్తీర్ణము ఇంచుమించు 30 చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల ప్రకారము నివాసులు 55,626 మంది. ఇంత చిన్న నేలకు 1880లో ఫ్రెంచి ప్రభుత్వము పురపాలక సంఘమును, మేయరు పదవిని ఏర్పఱచెను.

కల్యాణపురము

యానాంకు పూర్వము మఱియొక పేరుండెను – కల్యాణపురము. వినుటకు మంగళకరమైన పేరు. దాని వెనుక నున్న కథ అంత మంగళకరము కాదు.

1929లో శాసనసభ బాల్యవివాహ నిషేధ చట్టమును చేసెను. దానిని ప్రతిపాదించిన హరవిలాస్ శారదా పేరుమీద జనులు శారదా చట్టమనిరి. 1930 ఏప్రిల్ 1 నుండి అది అమలులోనికి వచ్చెను. బాలికకు 14 ఏండ్లు, బాలునికి 18 ఏండ్లు నిండనిదే పెండ్లి చేసిన శిక్ష యని దాని సారము. కాని ఆ చట్టము బ్రిటిషు ఇండియాకే చెల్లును. ఏటి అవతల ఫ్రెంచి నేల. అందుచేత పిల్లలకు పెండ్లి చేయదలచినవారు పురోహితుని, మేళమును, పెండ్లిపిల్లలను పడవ లెక్కించి యానాం పోసాగిరి. ముహూర్తములున్న రోజులలో ఊరంతయు పందిళ్లే. సత్రములు చాలక అద్దె యిండ్లు, అద్దె యిండ్లు చాలక అరుగులు. ఇట్లు వచ్చిన పేరే కల్యాణపురము.

మా నాయనమ్మగారి పెండ్లియు అచ్చటనే జరిగెను. అప్పటికి ఆమెకు తొమ్మిదేండ్లు. మేము చిన్నతనమున ఆమెను గ్రుచ్చి గ్రుచ్చి అడుగుచుంటిమి – మేళము ఎట్లుండెను, భోజనములో ఏమేమి వడ్డించిరి అని. ఆమెకు అవి యేవియు జ్ఞాపకము లేవు. తెల్లవాఱుజామున పడవలో వేసిన చలి, తల్లి కప్పిన దుప్పటి, నిద్ర లేపి పీటలమీద కూర్చుండబెట్టిన చేతులు – ఇవి మాత్రమే మిగిలెను. రెండవ తరగతి పుస్తకమును ఇంట గూటిలో పెట్టి పోయెనట. తిరిగి వచ్చి చూడగా అది తమ్ముని చేతిలో నుండెను. ఆమె చదువు ఆ పడవతో ఆగిపోయెను. ఏబదియేండ్లు దాటిన తరువాత, రేడియోలో స్త్రీల కార్యక్రమము వినుచు, మనుమల పలక తీసికొని అక్షరములు దిద్దుకొనెను. యానాం పేరు వినబడినప్పుడెల్ల ఆమె కొంచెముసేపు మాటలాడకుండెడిది.

అందుచేత కల్యాణపురమను పేరు విని నవ్వి ఊరుకొనరాదని మా మనవి. సరిహద్దు అనునది నేలమీద గీత మాత్రమే కాదు. ఒక గట్టున నేరమైనది మఱియొక గట్టున వేడుక యగును. ఆ గీతను దాటించినవారు పెద్దలు, దాటినది పిల్లలు. ఊరిని చూచునప్పుడు ఈ లెక్కయు చూడవలెను.

సరిహద్దు వలన జరిగినది ఇది యొక్కటే కాదు. యానాంలో మంగళవారపు సంత ప్రసిద్ధము. విదేశపు సరుకు సుంకము లేక ఇచ్చట దిగుటచే చుట్టుపట్ల గ్రామములవారు సంతనాడు వచ్చి కొనుక్కొని, చీకటి పడినపిమ్మట చాటుగా ఏఱు దాటించెడివారు. ఎగువ గట్టున సుంకపుబంట్లు, దిగువ గట్టున తెలివిమంతులు. నేటికిని సరుకుల ధరలలో కనబడు తేడా ఆ పాత అలవాటునకు దూరపు బంధువని చెప్పవచ్చును.

రేవు గట్టున

మధ్యాహ్న భోజనము చేసి కొంత విశ్రమించి ఏటి గట్టునకు పోవలెను. నేడు గట్టు పొడవున నడకదారి, పూలమొక్కలు, బల్లలు అమర్చి యున్నవి. ఏనుగులు అభిషేకము చేయుచున్నట్లు మలచిన శివలింగము చుట్టును పిల్లలు ఆడుకొనుచుందురు. ఆ సందడిలోనే ఒక బల్లమీద కూర్చుండి ఏటిని చూచుచు రెండు సంగతులు తలచుకొనవలెను.

మొదటిది, ఈ తీరమునుండి మనుష్యులనే సరుకుగా ఎక్కించిన కాలమొకటి యుండెను. కఱవు వచ్చినప్పుడు అమ్ముడుపోయిన దీనులను ఓడలలో ఫ్రెంచి ద్వీపములకు తరలించిరి. 18వ శతాబ్దపు చివరి యేండ్లలో యానాం అధిపతిగా నుండినవాడు పియేర్ సోన్నెరా. ఆయన పేరుపొందిన ప్రకృతిశాస్త్రజ్ఞుడు. తూర్పు ఇండియా, చైనా దేశములలో తన ప్రయాణములను గూర్చి వ్రాసిన గ్రంథము 1782లో వెలువడెను. మొక్కలను, పక్షులను అంత శ్రద్ధతో వర్ణించిన మనుష్యుని కండ్లయెదుటనే ఈ రేవు ఆ చీకటి బేరమును చూచెను.

రెండవది, 1828లో యానాం నుండి కొందరు తెలుగు కూలీలు ఒప్పందముమీద రెయూనియన్ ద్వీపమునకు ఓడ నెక్కిరి. బానిసత్వము పోకముందే, దానికి బదులుగా రానున్న కూలి యొప్పందపు పద్ధతికి అది తొలి అడుగులలో ఒకటి. తరువాతి దశాబ్దములలో ప్రక్కనున్న కోరంగి రేవునుండి వేలాది జనులు మారిషసుకు, బర్మాకు పోయిరి. ఆ దేశములలో తెలుగువారిని కోరంగివారని పిలుచుట ఆ రేవు పేరును బట్టియే. తాము తెలుగువారమని వారు చెప్పుకొనిరి. ఓడ నెక్కిన రేవు పేరుతోనే లోకము వారిని పిలిచెను.

ఒకే వేసవి

ఇక వియత్నాం మాట. ఫ్రెంచివారికి మన దేశమున మిగిలినవి ఐదు చిన్న ముక్కలు – పుదుచ్చేరి, కారైకాల్, మాహే, చంద్రనగరు, యానాం. కాని 19వ శతాబ్దపు ఉత్తరార్ధమున వారు వియత్నాం, కంబోడియా, లావోస్ దేశములను ఆక్రమించి ఇండోచైనా యని పేరుపెట్టిరి. అంత పెద్ద రాజ్యమునకు గుమాస్తాలు, పోలీసులు, సుంకపుటుద్యోగులు కావలసి వచ్చిరి. ఫ్రెంచి ఇండియా ప్రజలలో కొందరికి ఆ తలుపు తెఱచుకొనెను. 1881 సెప్టెంబరులో వచ్చిన ఒక శాసనము ప్రకారము తమ మతాచారముల చట్టమును వదలుకొని ఫ్రెంచి పౌరచట్టమునకు లోబడుదుమని వ్రాసి యిచ్చినవారిని 'రెనోన్సాన్' లనిరి. అనగా వదలుకొన్నవారు. వారిలో పలువురు సైగాన్ నగరమునకు ఉద్యోగములకై పోయిరి. 1976లో హో చి మిన్ నగరమని పేరు మారిన ఆ పట్టణమున నేటికిని తమిళ వర్తకులు కట్టిన మారియమ్మ గుడి కలదు. మన దేశములో 2006లో వచ్చిన బాల్యవివాహ నిషేధ చట్టము సైతము పుదుచ్చేరి ప్రాంతపు ఈ రెనోన్సాన్లకు వర్తింపదని స్పష్టముగా చెప్పినది. వారు ఫ్రెంచి పౌరచట్టముచే పాలితులగుటయే కారణము. పాత రాజ్యములు పోవును. వాని చట్టముల నీడలు మాత్రము చాలకాలము నిలుచును.

1954వ సంవత్సరపు తేదీలను వరుసగా పెట్టి చూడుడు. మే 7వ తేదీన వియత్నాములోని దియెన్ బియెన్ ఫూ దగ్గఱ ఫ్రెంచి సైన్యము ఓడిపోయెను. జూన్ 13వ తేదీన యానాంలో భారత జెండా ఎగిరెను. ఆ ఉద్యమమునకు నాయకుడు దడాల రఫేల్ రమణయ్య. ఆయన యానాం బిడ్డ. ఫ్రెంచి ప్రభుత్వపు పోలీసు ఉద్యోగిగా పనిచేసి, ఆ కొలువును విడిచి స్వాతంత్ర్యోద్యమమున చేరినవాడు. జూన్ 18వ తేదీన పారిస్‌లో మెండెస్ ఫ్రాన్స్ ప్రధానమంత్రి యయ్యెను. జూలై 16వ తేదీన మాహేనుండి ఫ్రెంచివారు వైదొలగిరి. జూలై 21 నాటికి జెనీవాలో ఇండోచైనా సంధి ముగిసెను. అక్టోబరు 18వ తేదీన కీళూరులో ప్రజాప్రతినిధులు 178 మంది కూడి ఓటు వేయగా 170 మంది భారతదేశములో చేరుటకే మొగ్గిరి. అక్టోబరు 21న ఒప్పందము. నవంబరు 1న అధికారపు మార్పిడి.

వియత్నాములో ఓడుటచేతనే యానాం విడిచిరనుట అతిశయోక్తి యగును. 1947 నుండియు చర్చలు సాగుచుండెను. చంద్రనగరు ప్రజలు 1949లోనే తమ తీర్పు చెప్పిరి. అయినను వేల మైళ్ల దూరమున నొక లోయలో జరిగిన ఓటమి, గౌతమి గట్టున నొక జెండా దిగుట – ఈ రెండును ఒకే రాజ్యపు ఒకే వేసవి. ఇండోచైనాను నిలుపుకొనలేని వానికి యానాంను నిలుపుకొను పట్టుదల ఎంతకాల ముండును?

మఱి యానాం ప్రక్కనున్న జిల్లాలలో చేరక, ఎనిమిదివందల కిలోమీటర్లకు పైగా దూరమున నున్న పుదుచ్చేరితో నేల మిగిలినదని పలువు రడుగుదురు. 1956 మే 28వ తేదీ సంధిలో దీనికి జవాబు కలదు. ఈ స్థావరముల ప్రత్యేక పరిపాలనాస్థితి కొనసాగవలెననియు, దానిలో మార్పు తేవలెనన్న ప్రజల కోరిక తెలిసికొన్న పిమ్మటనే తేవలెననియు అందు వ్రాసికొనిరి. ఆ సంధి 1962 ఆగస్టు 16న అమలులోనికి వచ్చెను. 1963లో కేంద్రపాలిత ప్రాంతము ఏర్పడెను. నేడు యానాం పుదుచ్చేరి శాసనసభకు ఒక సభ్యుని పంపుచున్నది. ఇంటిభాష తెలుగు, రాజధాని తమిళదేశపు టంచున, పాత కాగితములు ఫ్రెంచిలో. ఈ కలగలుపే ఊరి సొంత ముఖము.

పూడిన ఏఱు

వియత్నాములో హోయి ఆన్ అను పాత రేవుపట్టణము కలదు. దానిని చూచుటకు ప్రపంచము నలుమూలలనుండి జనులు పోయి రెండు మూడు దినములుండి వత్తురు. థూ బోన్ నది ముఖమున నున్న ఈ పట్టణమున 16, 17 శతాబ్దములలో జపాను, చైనా, డచ్చి, పోర్చుగీసు వర్తకులు పట్టు, పింగాణి బేరములు సాగించిరి. జపానువారు కట్టిన కప్పువంతెన నేటికిని నిలిచి యున్నది. ఆ ఊరు అంత చక్కగా నిలుచుటకు కారణము ఆశ్చర్యము గొలుపును. ఏఱు ఇసుకతో పూడిపోయెను. ఓడలు రాలేక సమీపపు ద నాంగ్ రేవునకు తరలిపోయెను. ధనము తరలిపోవుటచే హోయి ఆన్‌లో పాత యిండ్లు పడగొట్టి క్రొత్తవి కట్టువారు లేకపోయిరి. దరిద్రము కాపాడిన సొంపును 1999లో యునెస్కో ప్రపంచ వారసత్వ పట్టికలో చేర్చిరి.

హోయి ఆన్ చుట్టునున్న నేలకు పూర్వము చంపా రాజ్యములో అమరావతి యని పేరు. కొంత దూరమున మీ సోన్ లోయలో చంపా రాజులు కట్టిన శివాలయములు, సంస్కృత శాసనములు కలవు. అచ్చటి శిథిలములను మన పురావస్తుశాఖవారు బాగుచేయుచుండగా 2020లో ఏకశిలా శివలింగ మొకటి బయల్పడెను. అమరావతి యను పేరు వినిన తెలుగువాని చెవి నిక్కకుండునా!

మన కథయు అటువంటిదే. గోదావరి తెచ్చు ఒండ్రుచే కోరంగి మొగ మేటేటికి పూడుచు వచ్చెను. 1789 డిసెంబరులోను, 1839 నవంబరులోను వచ్చిన తుపానుల ఉప్పెనలు ఆ రేవును ముంచెత్తెను. 1848లో హెన్రీ పిడింగ్టన్ అను నతడు నావికుల కొఱకు వ్రాసిన గ్రంథమున తుపానుకు 'సైక్లోన్' అను పేరును వ్యాప్తిలోనికి తెచ్చుచు, కోరంగి ఉప్పెనను వర్ణించెను. ఓడలు క్రమముగా కాకినాడకు తరలిపోయెను. కోరంగి నేడు చిన్న ఊరు. దాని పరిసరముననే 1978లో అభయారణ్యముగా ప్రకటింపబడిన మడ అడవి 235 చదరపు కిలోమీటర్లలో వ్యాపించి యున్నది. ఆ అడవియు ఒండ్రు ఇచ్చిన దానమే. 1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమను, యానాంను ఎంత దుఃఖపెట్టినదో మఱచినవారు లేరు. అటువంటి వేళ ఉప్పెన వేగమును కొంత తగ్గించునవి ఈ మడచెట్లే.

రెండు ఊళ్లను పూడిక ఒకే విధముగా తాకెను. ఫలితములు ఒకటి కాలేదు. హోయి ఆన్‌లో వీధులే మిగిలినవి. యానాంలో ఉప్పెనలును, వరదలును, క్రొత్త కట్టడముల తొందరయు పాతదానిలో చాలభాగమును తీసికొనిపోయెను. మిగిలినది ఒక చర్చి, గుడులు, కొన్ని ప్రహరీగోడలు, పెంకుటిండ్లు, పెద్దల మాటలు. ఇందు మాటలే అన్నిటికంటె త్వరగా పోవునవి.

పగటి పట్టిక

చూడదలచినవారి సౌకర్యము కొఱకు క్రమము చెప్పెదము. ఉదయమున వారధి మీది నడక. ఎండ ముదరకముందు చర్చి, పిమ్మట వెంకన్న గుడి. ఆపైన పాత వీధులలో ఒక గంట. మధ్యాహ్న విశ్రాంతి పిమ్మట ఏటి గట్టు. సమయము మిగిలినవారు కాకినాడ దారిలో కోరంగి మడ అడవిని చూచి రావచ్చును. సాయంకాలము కాకముందే పోవలెను. మంగళవారమునాడు పోయినచో సంత మాటయు అడిగి చూడవచ్చును. ఎండకాలమున గొడుగు, వానకాలమున ఓర్పు తోడుండవలెను.

వీనియన్నిటికంటె ముఖ్యమైన దొకటి కలదు. ఏదో ఒక అరుగుమీద కూర్చున్న వృద్ధునో, వృద్ధురాలినో వినయముగా పలుకరించి, వారి పెద్దలు చెప్పిన ఫ్రెంచివారి నాటి మాట ఒకటి చెప్పుమని అడుగవలెను. విసుగు లేక వినవలెను. ఇంటికి వచ్చి ఆ మాటను తేదీ వేసి వ్రాసియుంచవలెను. మా నాయనమ్మగారిని మేము అడిగితిమి గాని వ్రాసికొనలేదు. ఆమె పీటలమీద కూర్చున్న ఇల్లు ఏ వీధిలోనిదో ఇప్పుడు మాకు చెప్పగలవారు లేరు. యానాం పోయినప్పుడెల్ల ప్రతి పాత అరుగును అనుమానముతో చూచుచుందుము.

ప్రొద్దు గ్రుంకు వేళ బస్సు వారధి మీదికి ఎక్కును. క్రింద గౌతమి నిదానముగా పోవుచుండును. ఇటు గట్టున కోనసీమ కొబ్బరితోపులు, అటు గట్టున వెలుగుచున్న దీపములు. ఒకప్పుడు ఈ కొలది నీళ్లు రెండు రాజ్యములను విడదీసెను. నేడు చీటీ కొని కూర్చున్న ప్రయాణికుడు తలయెత్తి చూడకయే నాలుగు నిమిషములలో దాటిపోవుచున్నాడు. ఈమా రతడు తలయెత్తి చూచినచో మా శ్రమ ఫలించినట్లే.